బీప్ వినపడకపోతే బటన్ నొక్కకండి

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నాకు 47 ఏళ్ళు. విశాఖలో రక్షణ శాఖ కింద ఓడలు మరమ్మతు చేసే చోట సివిలియన్ ఉద్యోగిని. 2001లో చేరాను. మొదటి పదేళ్ళు చిప్పింగు (ఇనుము మీద తుప్పు కొట్టి రాల్చడం), గ్రైండింగు చేశాను, ఇప్పుడు వెల్డింగు. రెండేళ్ళుగా రాత్రి పడుకుంటే చెవుల్లో కీచురాయి అరుస్తున్నట్టుంటోంది. టీవీ సౌండు ఎక్కువ పెడుతున్నానని ఇంట్లో రోజూ గొడవ. "ఏటండీ, ఎన్నిసార్లు పిలవాలి?" అని మా ఆవిడ విసుక్కుంటోంది. ఫోన్లో మా అమ్మాయి మాట సగం అర్థం కాదు. ఏటా జరిగే మెడికల్‌లో అద్దాల గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్ పెట్టి, బీప్ వినిపిస్తే బటన్ నొక్కమంటారు. అవతల కూర్చున్న అమ్మాయి చెయ్యి కదిలినప్పుడల్లా నొక్కితే సరిపోతుందని ఒక సీనియర్ చెప్పాడు. రెండేళ్ళు అలాగే గట్టెక్కాను. నిజం చెబితే అన్‌ఫిట్ అని ఇంటికి పంపేస్తారని భయం. పంపకపోయినా షాపు (పనిచేసే విభాగం) మారుస్తారు, ఓవర్‌టైమ్ పోతుంది. ఇంటి లోను ఇంకా తొమ్మిదేళ్ళుంది. వచ్చే నెల మళ్ళీ మెడికల్. ఏం చెయ్యమంటారు? ఇంకో మాట. మా బామ్మర్ది ఆర్మీలో ఫిరంగుల రెజిమెంట్లో హవల్దారు. వచ్చే ఏడాది రిటైరవుతున్నాడు. వాడికీ ఇదే బాధ. "బయటికొచ్చాక చూపించుకుంటాలే" అంటున్నాడు. వాడికేం చెప్పాలి?
— ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: ముందు ఆ బటన్ సంగతి మాట్లాడుకుందాం.

ఆ అద్దం అవతల నేనూ చాలా ఏళ్ళు కూర్చున్నాను. చెయ్యి చూసి నొక్కేవాళ్ళు మాకు తెలిసిపోతారు. శబ్దం ఇవ్వకుండా ఊరికే చెయ్యి కదిపితే ఠక్కున నొక్కేస్తారు. ఓపికున్న టెక్నీషియన్ అయితే కుర్చీ తిప్పించి, మీ వీపు తనవైపు ఉండేలా కూర్చోబెడుతుంది. బయట వరసలో ఇంకా నలభై మంది నిలబడి ఉంటే ఆమె కూడా చూసీ చూడనట్టు 'నార్మల్' అని రాసేస్తుంది. మీకు రెండుసార్లు జరిగింది ఇదే అయ్యుంటుంది.

దాని ఫలితం ఎలా ఉంటుందో నా అనుభవంలోదే చెబుతాను. ఎక్కడన్నది వదిలేయండి. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నేను పనిచేసిన ఒక కార్ఖానాలో క్రేన్ దగ్గర తాళ్ళు కట్టే పనివాడు ఒకాయన ఉండేవాడు. ఆయన మీలాగే బటన్ బాగా నొక్కేవాడు. ఒక రోజు వెనక నుంచి రివర్సులో వస్తున్న ఫోర్క్‌లిఫ్ట్ హారన్ ఆయనకి వినపడలేదు. ఎడమ పాదం నుజ్జయింది. విచారణలో ఆయన "నాకు సరిగ్గా వినపడదండీ, చాలా ఏళ్ళ నుంచీ అంతే" అన్నాడు. అధికారులు ఫైలు తీశారు. మూడేళ్ళు వరసగా 'వినికిడి నార్మల్' అని ఉంది. కింద సంతకం నాది. హారన్ వినపడి కూడా అడ్డం తప్పుకోలేదని తేల్చి, తప్పు ఆయన మీదికే తోశారు. ఆ ఫైలు మూసిన శబ్దం నాకు ఇప్పటికీ గుర్తుంది.

మీ ఫైల్లోనూ ఇప్పుడు అలాంటి కాగితాలు రెండు ఉన్నాయి. మూడోది చేర్చొద్దు.

ఇక మీ చెవి సంగతి. మీరు రాసిన లక్షణాలన్నీ ఒకే వైపు చూపిస్తున్నాయి. లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఒక భాగం ఉంటుంది. అందులో సన్నని వెంట్రుకల్లాంటి కణాలు వరసగా ఉంటాయి. పెద్ద చప్పుడు రోజూ పడితే అవి ఒక్కొక్కటే చచ్చిపోతాయి, మళ్ళీ మొలవవు. మందుల్లేవు, ఆపరేషన్ లేదు. ముందుగా పోయేది సన్నటి, కీచు శబ్దాలు వినే భాగం. పరీక్ష కాగితంలో 4000 హెర్ట్జ్ (శబ్దం ఎంత కీచుగా ఉందో చెప్పే కొలత) దగ్గర గీత గుంటలా దిగితే చప్పుడు వల్ల వచ్చిన చెవుడని అనుమానిస్తాం. వయసు వల్ల వచ్చే చెవుడులో గీత చివరిదాకా జారిపోతూనే ఉంటుంది. చప్పుడు వల్ల వచ్చినదైతే 4000 దగ్గర దిగి, 8000 దగ్గర కాస్త మళ్ళీ లేస్తుంది.

ఇందువల్లే మీకు మాట వినపడుతుంది, అర్థం కాదు. అచ్చులు లావు శబ్దాలు, అవి బాగానే అందుతాయి. క, చ, త, ప, స లాంటి హల్లులు సన్నవి, అవి జారిపోతాయి. మీ ఆవిడ వంటగదిలోంచి "పప్పు" అంటే మీకు "అప్పు" అని వినపడుతుంది, అది కప్పో తప్పో మనసు ఊహించుకుంటుంది. ఎదురుగా ఉంటే పెదాలు చూసి సరిచేసుకుంటారు. ఫోన్లో పెదాలు ఉండవు, పైగా ఆడపిల్ల గొంతు సన్నం. అమ్మాయి మాట సగమే అర్థమయ్యేది అందుకే. ఈ సంగతి ఇంట్లో చెప్పండి. మీరు వినిపించుకోవట్లేదని ఆవిడ అనుకుంటున్నంత కాలం గొడవ తెగదు. మా ఊళ్ళో కంచరివీధి ముసలాళ్ళంతా అరిచినట్టు మాట్లాడేవాళ్ళు. పొగరుబోతు మనుషులని మేం అనుకునేవాళ్ళం. బిందెలు సుత్తులతో కొట్టీ కొట్టీ చెవులు పోయాయని డాక్టరీ చదివాక గానీ నాకు తట్టలేదు.

ఉద్యోగం పోతుందన్న భయం గురించి. అది ఊరికే పుట్టిన భయమని నేను అనను. కానీ చట్టం మీరనుకుంటున్నంత మీకు వ్యతిరేకంగా లేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ 4వ క్లాజు చూడండి. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చినవాణ్ణి ప్రభుత్వ సంస్థ తీసెయ్యకూడదు, హోదా తగ్గించకూడదు. చేస్తున్న పనికి సరిపోకపోతే అదే జీతంతో, అవే సౌకర్యాలతో ఇంకో పోస్టులోకి మార్చాలి. అలాంటి పోస్టు లేకపోతే, దొరికేదాకానో రిటైరయ్యేదాకానో అదనపు పోస్టు సృష్టించి అందులో ఉంచాలి. మన తెలంగాణ ఆర్టీసీ డ్రైవరు ఒకరిని రంగులు పోల్చుకోలేడని మెడికల్‌లో తప్పించి ఇంటికి పంపితే, ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. 2025 ఆగస్టు 1న కోర్టు ఆయనకు వేరే ఉద్యోగం ఇమ్మంది. వేరే పని ఇవ్వడానికి నిజంగా ప్రయత్నించకుండా ఊరికే సాగనంపడం కుదరదని చెప్పింది.

నిజానికి మీ విషయం అంతదాకా వెళ్తుందని కూడా నేననుకోను. ఆ చట్టం లెక్కలో 'వినికిడి తగ్గినవాడు' అనాలంటే మాటల శబ్దాల దగ్గర రెండు చెవుల్లోనూ 60 డెసిబెల్స్ నష్టం ఉండాలి. మీరు రాసిన తీరు చూస్తే అంత ఉండదనే అనిపిస్తోంది. 4000 దగ్గర గుంట పడినంత మాత్రాన వెల్డర్‌ని అన్‌ఫిట్ అని రాయడం నేను చూసినంతలో లేదు. చప్పుడు తక్కువ ఉన్న చోటికి మార్చమని రాస్తాం, ఆరు నెలలకి మళ్ళీ రమ్మంటాం.

ఓవర్‌టైమ్ మాత్రం తగ్గొచ్చు. అది దాచి ప్రయోజనం లేదు. షాపు మారిస్తే బేసిక్ మారదు కానీ చేతికొచ్చే మొత్తం మారుతుంది. లోను లెక్క వేసేటప్పుడు ఓవర్‌టైమ్ తీసేసి ఒకసారి వేసి చూడండి. చాలామంది ఆ లెక్క ఎప్పుడూ వెయ్యకుండానే భయపడుతుంటారు.

ఇప్పుడు ఒక తేడా గమనించండి. మనవాళ్ళు ఇక్కడే పొరబడతారు. సీజీహెచ్‌ఎస్ (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ఆరోగ్య పథకం) డాక్టరు ఉంటాడు, మీ సంస్థ మెడికల్ ఆఫీసరు ఉంటాడు. మొదటాయన జబ్బుకి మందిస్తాడు. చెవిలో గుయ్ అంటోందంటే డ్రాప్స్ రాస్తాడు, బీపీ చూస్తాడు. మీరు ఏ పని చేస్తారో, పక్కన ఎవరు గౌజింగ్ (ఇనుమును కరిగించి చెక్కే పని) చేస్తుంటారో ఆయన అడగడు, అడిగినా మీ షాపు మార్పించే అధికారం ఆయనకి లేదు. రెండో ఆయన పని వల్ల వచ్చే జబ్బు చూడాల్సినవాడు. చప్పుడు వల్ల వచ్చే చెవుడు 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూల్లో, తెలిస్తే ప్రభుత్వానికి తెలియజేసి తీరాల్సిన జబ్బుల్లో ఒకటిగా ఉండేది. 2025 నవంబరు 21న ఆ చట్టం స్థానంలో అమల్లోకి వచ్చిన వృత్తి భద్రతా కోడ్‌లోనూ అది ఉంది. చాలామంది మొదటాయనతో నిజం చెప్పి, మీలాగే రెండో ఆయన దగ్గర దాస్తారు. నిజం ముఖ్యంగా చెప్పాల్సింది రెండో ఆయనకే.

కాబట్టి వచ్చే నెల మెడికల్‌కి ఇలా వెళ్ళండి. ముందు వారం వాల్తేరులో సర్కారు ఈఎన్‌టీ ఆసుపత్రికి వెళ్ళి చెవిలో గులిమి ఉంటే తీయించుకోండి. సగం కేసుల్లో ఏమీ ఉండదు, కానీ ఆ అనుమానం తీరాలి. ఒకే చెవికి బాగా తక్కువ వినపడుతున్నా, తల తిరుగుతున్నా అక్కడే చెప్పండి, దానికి కారణం చప్పుడు కాకపోవచ్చు. తర్వాత, మీ పరీక్ష వీక్లీ ఆఫ్ మర్నాడు పొద్దున్నే ఉండేలా అడిగి పెట్టించుకోండి. షిఫ్టు మధ్యలోంచి లేచి వస్తే చెవి అలసిపోయి ఉంటుంది, ఉన్నదానికన్నా ఎక్కువ నష్టం కనపడుతుంది. కనీసం 14, 16 గంటలు చప్పుడుకి దూరంగా ఉండాలి. ఆ ఆఫ్ రోజు పెళ్ళి బారాతులో డీజే పక్కన నిలబడకండి, బుల్లెట్ బండి మీద భీమిలి వెళ్ళకండి.

గదిలో కూర్చున్నాక కళ్ళు మూసుకోండి. బీప్ వినపడితేనే నొక్కండి. అయ్యాక డాక్టరుతో నోటితో చెప్పండి: చెవుల్లో మోత ఎప్పటి నుంచి, ఏ పని ఎన్నేళ్ళు, గత రెండుసార్లు ఊహించి నొక్కాను. ఈ చివరి మాట చెప్పడం కష్టమే. కానీ ఆయన తిడితే ఐదు నిమిషాలు తిడతాడు, కాగితం మీద మాత్రం నిజం పడుతుంది. చెప్పింది రాశారో లేదో చూసుకోండి. ఫలితం కాపీ అడగండి. ఉద్యోగంలో చేరినప్పటి పరీక్షతో సహా పాతవన్నీ ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో మీ సొంత వైద్య రికార్డు అడగండి. 2001 నాటి గీత, ఇప్పటి గీత పక్కపక్కన పెడితే ఇంకెవరూ వాదించాల్సిన పని ఉండదు.

పరిహారం మాట మీరు అడగలేదు గానీ చెబుతాను. 1923 నాటి పరిహార చట్టం మూడో షెడ్యూల్లో చప్పుడు వల్ల వచ్చే చెవుడు ఉండేది. అలాంటి పనిలో ఒకే యజమాని కింద ఆరు నెలలు వరసగా చేసినవాడికి అది వస్తే, పని వల్లే వచ్చిందని ఆ చట్టం అనుకునేది. కాదని నిరూపించుకోవడం యజమాని పని. 2025 నవంబరు 21న దాని స్థానంలో వచ్చిన సామాజిక భద్రతా కోడ్ కూడా ఈ సూత్రాన్నే తీసుకుంది. మీరు ప్రభుత్వోద్యోగి అయినంత మాత్రాన అది పోదు. క్లెయిమ్‌కి గడువు ఉంటుంది కాబట్టి, ఫలితం చేతికి రాగానే కాపీ తీసుకుని యూనియన్ ఆఫీసుకి వెళ్ళండి. ఇలాంటి కేసులు వాళ్ళకి మీకన్నా, నాకన్నా బాగా తెలుసు.

మిగిలిన చెవిని కాపాడుకోవడం గురించి ఎక్కువ చెప్పాలనుంది, ఎందుకంటే నిజంగా మీ చేతిలో ఉన్నది ఇదొక్కటే. మన నిబంధన ప్రకారం 90 డెసిబెల్స్‌లో 8 గంటలు ఉండొచ్చు. 95 అయితే 4 గంటలు, 100 అయితే 2, 105 అయితే గంట, 110 అయితే అరగంట, 115 అయితే పావుగంట. నన్నడిగితే ఈ 90 అన్నదే ఎక్కువ. 85 దాటితే చాలు, చెవి దెబ్బతినడం మొదలవుతుందని చాలా దేశాలు ఒప్పుకున్నాయి. ఓడ లోపల ఇనుప గదుల్లో చిప్పింగు జరుగుతుంటే వందకు పైమాటే. చప్పుడు నాలుగు గోడలకీ కొట్టుకుని మళ్ళీ మీ దగ్గరికే వస్తుంది. మీరు వెల్డింగే చేస్తుండొచ్చు, పక్కవాడి గ్రైండరు మీ చెవి కూడా కోస్తుంది.

మీకు పసుపు రంగు ఫోమ్ ప్లగ్గులు ఇస్తూనే ఉంటారు. ఎలా పెట్టుకుంటున్నారు? నేను చూసిన పదిమందిలో ఎనిమిది మంది చెవి గుమ్మం దగ్గర గుచ్చి వదిలేస్తారు. అది అలంకారానికి. దీపం వత్తి చేసినట్టు వేళ్ళ మధ్య సన్నగా నలపండి. కుడి చెవికి పెట్టేటప్పుడు ఎడమ చెయ్యి తల మీదుగా తెచ్చి చెవిని పైకీ వెనక్కీ లాగండి, అప్పుడు దారి తిన్నగా అవుతుంది. లోపలికి తోసి అరనిమిషం వేలుతో ఆపండి, ఉబ్బి సర్దుకుంటుంది. సరిగ్గా కూర్చుంటే మీ గొంతు మీకే బిందెలో మూతి పెట్టి మాట్లాడినట్టు వినపడాలి. అలా లేకపోతే తీసి మళ్ళీ పెట్టండి. ఫోర్‌మన్ పిలిచినప్పుడల్లా తీసేస్తున్నారా? చప్పుడు శక్తి లెక్కలో చూస్తే, 30 డెసిబెల్స్ ఆపే ప్లగ్గు కూడా ఎనిమిది గంటల్లో అరగంట తీసి ఉంచితే మొత్తం మీద 12 మాత్రమే ఆపినట్టు. మాట్లాడాలంటే గది బయటికి రండి, లేదా సైగలు పెట్టుకోండి.

ఒక్క హెచ్చరిక. ఎప్పుడైనా ఒక చెవి ఉన్నట్టుండి, ఒక్క రాత్రిలో మూసుకుపోతే మెడికల్ దాకా ఆగొద్దు, ఆ రోజే ఈఎన్‌టీకి వెళ్ళండి. దానికి మందు ఉంది, కానీ మొదటి కొద్ది రోజుల్లోనే పనిచేస్తుంది.

కీచురాయి మోత పూర్తిగా పోతుందని నేను మాటివ్వలేను. నిశ్శబ్దంలోనే ఎక్కువ వినపడుతుంది కాబట్టి పడుకునేటప్పుడు ఫ్యాను తిరగనివ్వండి, రేడియో సన్నగా పెట్టుకోండి. టెన్షన్ పెరిగినప్పుడు మోతా పెరుగుతుంది, ఈ దాపరికం తీరిపోతే కొంత తగ్గినా ఆశ్చర్యం లేదు. అవసరమైతే చెవి మిషన్ పెట్టుకోండి. సీజీహెచ్‌ఎస్‌లో దానికి ఒక పరిమితి మేరకు డబ్బు ఇస్తారు, స్పెషలిస్టు చేత రాయించుకుని ముందుగా అనుమతి తీసుకోవాలి. కళ్ళద్దాలు పెట్టుకుంటే చదువుకున్నవాడంటారు, చెవికి మిషన్ పెడితే ముసలాడంటారు. ఈ సిగ్గు మన మగాళ్ళకి ఎక్కడి నుంచి వచ్చిందో గానీ, దాని వల్ల ఎంతమంది మనవలతో మాట్లాడటమే మానేశారో నేను చూశాను.

ఇక మీ బామ్మర్ది. ఆయన దారి వేరు. యూనిఫాంలో ఉన్నవాళ్ళకి మీకు చెప్పిన పరిహార సూత్రం వర్తించదు, మీకు చెప్పిన 20వ సెక్షన్ మీద కూడా ఆయన ఆధారపడకూడదు. ఆయనకున్నది వాళ్ళ మెడికల్ కేటగిరీ, పెన్షన్ నిబంధనలు. సైన్యంలో ఆరోగ్యాన్ని 'షేప్' అని ఐదు అక్షరాల్లో కొలుస్తారని ఆయనకి తెలుసు, అందులో హెచ్ అంటే వినికిడి. భర్తీ అయినప్పుడు ఆరు మీటర్ల దూరం నుంచి గుసగుసగా చెప్పింది విని తిరిగి చెప్పి ఉంటాడు. అప్పుడు చెవి బాగుందని కాగితం ఉంది. లో మెడికల్ కేటగిరీలో (తక్కువ ఆరోగ్య శ్రేణిలో) పడితే ప్రమోషన్ ఆగుతుందని జవాన్లు చెవి సంగతి దాస్తారు, అది నాకు తెలుసు. వచ్చే ఏడాది ఇంటికి వచ్చేవాడికి ఇక ఏ ప్రమోషన్ ఆగాలి?

"బయటికొచ్చాక చూపించుకుంటాను" అన్నదే అన్నిటికన్నా పెద్ద పొరపాటు. బయటికొచ్చాక ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల ఆరోగ్య పథకం) పాలీక్లినిక్ ఉంటుంది, మందిస్తారు, మిషనూ ఇస్తారు. అది మీ సీజీహెచ్‌ఎస్ లాంటిదే. ఈ చెవుడు ఫిరంగుల వల్ల వచ్చిందా, ఎంత శాతం, అన్నది తేల్చేది రిలీజ్ మెడికల్ బోర్డు. అది ఇంటికి వచ్చే ముందే కూర్చుంటుంది. సర్వీసు వల్ల వచ్చిందనో, సర్వీసులో ముదిరిందనో బోర్డు రాసి, 20 శాతం గానీ అంతకు పైన గానీ ఉంటేనే వైకల్య పెన్షన్ ప్రశ్న వస్తుంది. 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన మాట చెప్పింది. చేరేటప్పుడు కాగితం మీద ఏ జబ్బూ రాయకపోతే, ఆరోగ్యంగానే చేరాడనుకోవాలి, తర్వాత వచ్చినది సర్వీసు వల్ల కాదని చెప్పాలంటే బోర్డు కారణం రాయాలి. అయితే 2023 సెప్టెంబరు 21 నుంచి కొత్త నిబంధనలు వచ్చాయి. ఆయనకి వర్తించేవి అవే, కాబట్టి రిటైరైన పాత స్నేహితులు చెప్పే శాతాల లెక్కలు నమ్ముకోవద్దు.

ఆయన ఇప్పుడే, ఈ వారమే, యూనిట్ మెడికల్ ఆఫీసరు దగ్గర సిక్ రిపోర్టు చెయ్యాలి. ఈఎన్‌టీ స్పెషలిస్టుకి పంపమని అడగాలి. ఫైరింగ్ రేంజిలో ఏ గన్ను మీద ఎన్నేళ్ళు, ప్లగ్గులు ఇచ్చారా లేదా, ఏ రోజైనా ఫైరింగ్ తర్వాత చెవి మొద్దుబారిందా అన్నవి రాయించాలి. బోర్డు ప్రొసీడింగ్స్ కాపీ లేకుండా రెజిమెంట్ సెంటరు గేటు దాటకూడదు. నచ్చకపోతే అప్పీలుంది, ఆ తర్వాత సైనిక దళాల ట్రిబ్యునల్ ఉంది. ఆ రెండుచోట్లా ముందు అడిగేది ఆ కాపీయే.

మీ పరీక్ష అయ్యాక ఆ గీతల కాగితంలో 4000 అన్న చోట కుడి చెవికి ఎంత, ఎడమ చెవికి ఎంత అన్నది చూడండి. ఆ రెండు అంకెలు, వీలైతే 2001 నాటివి కూడా, నాకు రాసి పంపండి.